గొంగడి మీద నుంచి లేచిన మనిషి

సోమనర్సయ్యను నేను ఐదేళ్లు తిట్టాను. చాటుగా కాదు, నలుగురిలోనే తిట్టాను. బావి దగ్గర తిట్టాను, కురవి జాతరలో తిట్టాను, మానుకోట అంగట్లో మా ఊరివాళ్లు ఎవరు కనబడితే వాళ్లకు వినబడేలా తిట్టాను. "రెండు గొర్లు తిని నా బిడ్డను అటేసిండు" అని ఊరంతా చెప్పాను. ఆయన ఏ గొర్రెనూ లంచంగా తీసుకోలేదు. ఆ సంగతి తెలిశాక కూడా, తిట్టినంత గట్టిగా ఆ మాటను వెనక్కి తీసుకోలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఏడో తరగతితో ఆగిపోయిన చదువు నాది, తప్పులుంటే సర్దుకోండి.

ఆయన వరసకు మా నాయినకు అన్న. నేను పెద్దబాపు అని పిలిచేదాన్ని. మాది కురవికి రెండు కోసుల దూరంలో చిన్న ఊరు. మేము కురుమలం. గొర్లు కాయడం, ఉన్ని కత్తిరించడం, గొంగళ్లు నేయడం మా పని. కులంలో ఆలుమగల తగువు వచ్చినా, అన్నదమ్ముల పంపకం వచ్చినా సోమనర్సయ్య పెద్దబాపు కూర్చోవలసిందే. మాట తక్కువ మనిషి. రెండు పక్షాలూ గొంతులు పోయేదాకా అరిచాక "అయిపోయిందా, ఇంకేమన్న ఉన్నదా?" అని ఒక్క మాట అడిగేవాడు. ఆ తర్వాత ఆయన చెప్పింది చెప్పినట్టు జరిగేది.

ఇంకొకటి, ఆయన ధోతి. మల్లెపూవు తెలుపు అంటారే, అలా ఉండేది. చాకలి ఉతికి తెచ్చినదాన్ని మళ్లీ ఇంట్లో ఒకసారి జాడించి ఆరేయించుకునేవాడు. ఎంత షోకో ముసలాయనకు అని మేం ఆడవాళ్లం నవ్వుకునేవాళ్లం. ఆ జాడింపు ఎందుకో మాలో ఒక్కదానికీ తట్టలేదు.

తెలంగాణ కొట్లాట జరిగిన ఏడు, అంటే అరవై తొమ్మిది ఎండాకాలంలో, ఆయనకు నెత్తురు బంక, అంటే రక్త విరేచనాలు, పట్టుకుంది. పన్నెండు రోజులు మంచం దిగలేదట. వరంగల్ తీసుకుపోదామంటే బస్సులు లేవు, రైళ్లు ఎప్పుడు కదిలేవో తెలియదు. ఊళ్లోనే దానిమ్మ తొక్క కషాయంతో తగ్గింది. బంకైతే తగ్గింది కానీ పేగు మాత్రం మునుపటిలా కాలేదు. అప్పటికి ఆయనకు యాభై అయిదేళ్లు. నాలుగు రోజులు బిగదీసుకుని ఉండేది, అయిదో రోజు ఉన్నట్టుండి కడుపు మెలిపెట్టి, చెంబు అందుకునే వ్యవధి కూడా ఇచ్చేది కాదు. పోయి వస్తే నొప్పి తగ్గేది. గడియ కాకముందే మళ్లీ పిలిచేది.

ఇదంతా నాకు చాలా ఏళ్ల తర్వాత ఆయన పెండ్లాం, యాకమ్మ పెద్దవ్వ చెప్పింది. ఊళ్లో తెలిసింది ఆమె ఒక్కదానికే. బొడ్డు జారిందని ఆమె తన చేత్తోనే పొద్దున్నే ఆముదం పెట్టి తోమేది. వాము నమిలించింది, మెంతులు మింగించింది, బీరప్పకు గొర్రెను మొక్కింది. మొక్కు ఎందుకని అడిగినవాళ్లకు "మోకాళ్ల నొప్పులు" అని చెప్పిందట. ఊరికి పోవాలంటే పెద్దబాపు ముందురోజు నుంచే తిండి మానేసేవాడు. దారిలో ఎక్కడ తుమ్మలున్నాయో, ఎక్కడ కాలువ ఉందో, ఎక్కడ మోట బావి ఉందో ఆయనకు తెలిసినట్టు ఏ గొర్లకాపరికీ తెలియదు. పెళ్లికి పోతే పందిట్లో కూర్చునేవాడు కాదు, గుంజను ఆనుకుని బయటి అంచున నిలబడేవాడు. పెద్దమనిషి తరహా అనుకునేవాళ్లం. దేన్నయినా మేం తరహా కిందే జమ కట్టాం.

ఇక నా సంగతి. నన్ను చిట్యాల దిక్కు ఒక ఊరికి ఇచ్చారు. మొగుడు రాజమల్లు. నాలుగేళ్లు కాపురం చేశాక ఇంకో ఆడమనిషిని ఇంటికి తెచ్చాడు. అదేమని అడిగితే కొట్టాడు. మూడోసారి కొట్టినప్పుడు నేను మా అన్న ఇంటికి వచ్చేశాను. వస్తుంటే మా అత్త నా చంకలో ఉన్న మూడేళ్ల బిడ్డను, బుచ్చిని, గుంజుకుంది. "పోతే నువ్వు పో, పిల్ల మా ఇంటిది" అంది. బుచ్చి ఏడుపు ఊరి పొలిమేర దాటేదాకా నాకు వినబడింది.

డెబ్భై నాలుగులో నా మొగుడి ఊళ్లో పంచాయితీ పెట్టారు. మా నాయిన అప్పటికే లేడు. పెద్దబాపు మా ఇంటికొచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, "పోరి తల్లి తాన్నే ఉండాలె. గా మాట నేను జెప్త. నువ్వు రంది వెట్టుకోకు" అన్నాడు. ఆయన చెప్తానన్నాడంటే నా బిడ్డ వచ్చేసినట్టేనని ఆ సాయంత్రం ఉయ్యాల తాళ్లు కూడా వెతికి పెట్టుకున్నాను.

మా కులపు పంచాయితీ పద్ధతి చెప్పాలి. నేల మీద కొత్త గొంగడి పరుస్తారు. దాని మీద పిల్ల తరఫున ఒక పెద్ద, పిల్లగాని తరఫున ఒక పెద్ద, ఇద్దరే కూర్చుంటారు. ఇద్దరి మాటా ఒకటైతే తీర్పు. గొంగడి మీద కూర్చున్నవాడు తీర్పు కాకముందే లేస్తే తన మాటను తానే వెనక్కి తీసుకున్నట్టు లెక్క. ఇక రెండోవాడు ఏది చెబితే అదే. లేచినవాణ్ని ఎందుకు లేచావని అడగడం కూడా మర్యాద కాదు. ఇంకో పద్ధతి, పంచాయితీ పిలిచిన ఊరివాళ్లు ముందుగా ఇద్దరు పెద్దలకూ అన్నం పెట్టాలి. పెద్ద ఆ ముద్ద ముట్టకపోతే మనసులో తీర్పు ముందే పెట్టుకుని వచ్చాడని అంటారు. నా మొగుడి వాళ్లు గొర్రెను కోశారు. కారం ఎర్రగా తేలుతున్న కూర, దానితో కల్లు. పెద్దబాపు ముందురోజు నుంచి పస్తు. ఆ కడుపు మీద ఆ కూర తిన్నాడు. నా కోసం తిన్నాడు. తినకపోతే నా మాట చెల్లదని తిన్నాడు.

గొంగడి మీద ఆయన, ఎదురుగా నా మొగుడి తరఫున బీరయ్య అనే పెద్ద కూర్చున్నారు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అరుపులే. నాకూ రాజమల్లుకూ విడుపు అని ఇద్దరూ ఒప్పుకున్నారు. మిగిలింది బిడ్డ. మా అత్త బుచ్చిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బుచ్చి నావైపు చూస్తూ వేలు చప్పరిస్తోంది. బీరయ్య "ఇగ పోరి సంగతి, నువ్వు జెప్పు సోమన్నా" అన్నాడు. పెద్దబాపు నుదుటి మీద చెమట. నోరు తెరిచాడు. మూశాడు. ఉన్నపళంగా లేచి, కండువా నడుముకు చుట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా తుమ్మల దిక్కు నడిచిపోయాడు.

ఎంతసేపు చూశామో నాకు తెలియదు. బీరయ్య దగ్గి, "పెద్దమనిషి లేశిండు. పోరి తండ్రి తాన్నే" అన్నాడు. అందరూ లేచారు. నేను ఏడవలేదు కూడా. పెద్దబాపు ఆ పూట మళ్లీ కనబడలేదు. మా బస్సులో రాలేదు. రెండు రోజుల తర్వాత ఊరు చేరాడు. ధోతి ఎప్పటిలా తెల్లగా ఉంది. నేను ఆయన గడప ముందు నిలబడి నా నోటికి వచ్చిందల్లా అన్నాను. ఆయన లోపలికి పోయి తలుపు దగ్గరికేసుకున్నాడు.

ఆ తర్వాత గొర్ల మాట నేనే పుట్టించాను. ఎవరో చూశారని కల్పించి చెప్పాను. జనం నమ్మారు, ఎందుకంటే ఆయన కాదనలేదు. ఏడాది తిరగకుండానే ఆయన్ను పంచాయితీలకు పిలవడం మానేశారు.

అన్న ఇంట్లో ఎంతకాలమని ఉంటాను? మానుకోటలో స్టేషన్ దగ్గర ఒక డాక్టరు చిన్న దవాఖాన పెట్టాడు, కోస్తా నుంచి వచ్చినాయన. అందులో ఆయాగా చేరాను. ఊడ్వడం, కట్లు కట్టేటప్పుడు పళ్లెం పట్టుకోవడం, మంచాన పడ్డవాళ్ల మలమూత్రాలు ఎత్తి పోయడం. మొదటి నెల అన్నం సయించలేదు. తర్వాత అలవాటైంది. దొరలకూ జీతగాళ్లకూ లోపల ఉండేది ఒకటేనని ఆ పనిలో తెలిసింది. నాకు దాని మీద అసహ్యం పోయింది, సిగ్గూ పోయింది. సిగ్గు పోయిందనే అనుకున్నాను.

డెబ్భై తొమ్మిదిలో వానలు పడే రోజుల్లో పెద్దబాపు ఆ దవాఖానకు వచ్చాడు. అరవై అయిదేళ్లవాడు, ఎనభై ఏళ్లవాడిలా వంగి ఉన్నాడు. వరంగల్‌లో తీయించిన ఎక్స్‌రే కవరు చంకలో ఉంది. నేను తల మీదుగా కొంగు, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉన్నాను. ఆయన నా ముఖం చూడలేదు, నేల చూస్తున్నాడు. డాక్టరు సారు పరీక్షకు కావాలని చెబితే చిన్న డబ్బా ఆయన చేతికి ఇచ్చింది నేనే. వెనక గదిలోకి పోయినవాడు అరగంట రాలేదు. ఆపుకోవలసినచోట ఆగని పేగు, రమ్మన్నచోట రాలేదు పాపం. చివరికి డబ్బా మీద కండువా కప్పి తెచ్చి, మొహం పక్కకు తిప్పుకుని నా చేతిలో పెట్టాడు. గొంగడి మీద కూర్చున్న పెద్దమనిషి నా చేతికి అది అందిస్తున్నాడని నేను సంతోషపడ్డాను. అబద్ధం ఎందుకు, కడుపు నిండా సంతోషపడ్డాను.

ఆయన్ను బల్ల మీద పడుకోబెట్టి డాక్టరు సారు కడుపు నొక్కి చూశాడు. నేను తెర ఇవతల ఉన్నాను.

"ఎన్నాళ్ల నుంచండీ ఇది?"

"కొట్లాట ఏడు నుంచి సారు."

"పదేళ్లా! పదేళ్లూ ఏం చేశారు మరి?"

"ఆపుకున్న సారు."

"రక్తం పడుతుందా? రాత్రిపూట నిద్రలోంచి లేపుతుందా?"

"లేదు సారు. నేను పండుకుంటే అదీ పండుకుంటది. నలుగుర్ల కూసున్నప్పుడే లేస్తది."

డాక్టరు సారు ఎక్స్‌రే వెలుగుకు పట్టి చూశాడు. పెద్దబాపు "క్యాన్సరా సారు?" అన్నాడు.

"కాదండీ. పుండు లేదు, పురుగు లేదు. పేగు బాగానే ఉంది, కాకపోతే దానికి కంగారెక్కువ. మీ మనసు బెదిరిందంటే మీకంటే ముందు అది బెదురుతుంది. దీనికి మా పుస్తకాల్లో పొడుగాటి పేరుంది, మీకెందుకు గానీ. ప్రాణానికి భయం లేదు. అలాగని వదిలిపెట్టి పోయేదీ కాదు. దానితోనే బతకాలి. కారం తగ్గించండి, వేళకు తినండి, పస్తులు మానండి. ఇసబ్‌గోల్ రాస్తాను, బయటికి వెళ్లే ముందు వేసుకోడానికి ఓ బిళ్ల రాస్తాను. ఇంకో సంగతి, నలుగురికీ చెప్పండి. దాచే కొద్దీ ఎక్కువవుతుంది. దీనివల్ల ఇంతకుముందు పనులేమైనా చెడ్డాయా?"

బల్ల కిర్రుమంది, లేచి కూర్చున్నట్టున్నాడు.

"ఒకటి చెడ్డది సారు. సిట్యాల దిక్కు పంచాయితీల కూసున్న. తీర్పు జెప్పేటాళ్లకు వచ్చింది. లేశిన. నా తమ్ముని బిడ్డ సారు అది. దాని పిల్లను దానికి ఇప్పియ్యలేకపోయిన."

"ఒక్క నిమిషం అని చెప్పి వెళ్లి రావాల్సింది."

"ఏమని జెప్పాలె సారు?"

చీటీ రాస్తున్న చప్పుడు వినబడింది.

నాకు జాలి కలిగిందని రాస్తే బాగుంటుంది. కలగలేదు. ఒళ్లంతా మంట లేచింది. పళ్లెం అక్కడే పెట్టి, సారుకు చెప్పకుండా, పెద్దబాపు వెనకే బస్టాండుకు పోయాను. ఒక అంచున, కాలువ దగ్గరగా నిలబడి ఉన్నాడు.

"పెద్దబాపూ" అన్నాను, ముక్కు గుడ్డ విప్పి.

చూశాడు. చూసి, నా చీర గుర్తుపట్టాడు. "దవాఖానల నువ్వేనా?" అన్నాడు. ముందు ఆ డబ్బా తలచుకుని ఆయన ముఖం నల్లబడింది. నా బిడ్డ ఆ తర్వాత గుర్తొచ్చింది. ఆ వరస చూసి నాకు ఇంకా మండింది.

"గంత మాటకా? బయటికి పోవాలె, జర ఆగుండ్రి అంటే ఏమైతుండె?"

"నవ్వుతుండిరి బిడ్డా."

"నవ్వితే?"

"గొంగడి మీద కూసున్నోణ్ని సూశి నవ్వినంక, వాని మాట ఎవలింటరు?"

"ఇప్పుడెవలింటున్నరు నీ మాట? నువ్వు గొర్లు తిన్నవని జెప్పింది నేనే. ఊరూరు తిరిగి జెప్పిన. ఎరికేనా నీకు?"

"ఎరికే."

"మరి తినలేదని ఎందుకు జెప్పలే?"

ఆయన కాలువ వైపు చూశాడు. "తినలేదంటే, మరెందుకు లేశినవని అడుగుతరు గద బిడ్డా."

లంచం తిన్న దొంగ అనిపించుకోవడానికి ఒప్పుకున్నాడు, కడుపు జారిన ముసలాడు అనిపించుకోవడానికి ఒప్పుకోలేదు. ఆ రెంటి మధ్య నా బిడ్డ ఐదేళ్లు తల్లి లేకుండా పెరిగింది. మా అత్త చచ్చిపోయిందని, బుచ్చి నా సవతి కొడుకును చంకనెత్తుకుని తిరుగుతోందని అప్పటికే విన్నాను. మధ్యలో రెండుసార్లు పోతే దూరం నుంచి చూడనిచ్చారు. రెండోసారి నన్ను గుర్తుపట్టలేదు.

"మల్ల గొంగడి పరిపియ్యి. అందరి ముంగట నిలవడి గిదే జెప్పు. నువ్వు లేశింది మాట యెనుకకు తీసుకోను గాదని జెప్పు" అన్నాను.

"సచ్చిపొమ్మంటే పోత. గది నాతోని గాదు" అన్నాడు. బస్సు వచ్చింది. ఆయన ఎక్కలేదు, తుమ్మల వైపు పోయాడు.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే దవాఖాన వెనక తలుపు దగ్గర పెద్దబాపు, యాకమ్మ పెద్దవ్వ నిలబడి ఉన్నారు. "బీరయ్యకు కబురు వంపిన. పోదాం పా" అన్నాడు, నా ముఖం చూడకుండా. ఆయన్ను ఒప్పించింది ఎవరని తర్వాత పెద్దవ్వను అడిగాను. ఎవరూ ఒప్పించలేదట. మూడు వారాలూ సరిగ్గా తినలేదట, ఇక పోయి వస్తేనే తింటానన్నాడట.

వరంగల్ దాకా రైలు. రైలంటే ఆయనకు ధైర్యం, డబ్బాలోనే అన్ని వసతులూ ఉంటాయి. బస్సంటేనే భయం. పరకాల మీదుగా చిట్యాల బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, ముందున్న కమ్మీని రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. ఒక్కసారి ఆపమన్నాడు. ఆపమని ఆయన చెప్పలేదు, పెద్దవ్వ తనకేనని చెప్పి ఆపించింది. ఆయన దిగి పోయి వచ్చేదాకా బస్సులో వాళ్లు సణిగారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, వాళ్లెవరో నాకు తెలియనట్టు కూర్చున్నాను. ఆ కూర్చోవడం కూడా నాకు గుర్తుంది.

బీరప్ప గుడి ముందు గొంగడి పరిచారు. అన్నానికి పిలిస్తే పెద్దబాపు "నాకు సల్లబువ్వ ఉంటే వెట్టుండ్రి, కూర వద్దు" అన్నాడు. జనం ముఖముఖాలు చూసుకున్నారు. బీరయ్య గొంగడి మీద కూర్చున్నాడు. పెద్దబాపు కూర్చోలేదు. లేచిన మనిషికి ఆ సంగతి తేలేదాకా మళ్లీ కూర్చునే హక్కు లేదు. గొంగడి అంచున నిలబడ్డాడు. నూరు మంది దాకా ఉన్నారు, ఆడవాళ్లం ఒక పక్క. బుచ్చి సవతి తమ్ముణ్ని ఎత్తుకుని గోడ దగ్గర నిలబడింది. ఎనిమిదేళ్లు దాటాయి. అచ్చు నా ముక్కు.

"ఆనాడు నేను లేశింది మాట యెనుకకు తీసుకుందామని గాదు" అన్నాడు పెద్దబాపు. ఎప్పుడూ అంత మెల్లగా మాట్లాడగా వినలేదు. "గట్టిగ జెప్పు సోమన్నా, ఇనవడ్తలేదు" అన్నారు వెనక నుంచి.

ఆయన గొంతు పెంచాడు. "నాకు బయటికొచ్చింది. పదేండ్ల సంది నాకీ రోగం ఉన్నది. ఆనాడు ఆగలే. తుమ్మలకాడికి పోకముందే ధోతి ఖరాబైంది. కాల్వల పిండుకొని, గది ఆరేదాక చెట్ల సాటుకు కూసున్న. నేను వచ్చేటాళ్లకు మీరు లేశి పోయిన్రు. నేను ఎవల గొర్రెను లంచం తినలే. నా రోగమే నన్ను లేపింది."

ముందు ఎక్కడో ఎవరో ముక్కుతో నవ్వారు. బీరయ్య మీసాలు కదిలాయి. ఒకాయన "ధోతి పిండుకున్నవా?" అన్నాడు, అంతే. గుడి ముందున్న జనమంతా ఒక్కసారిగా పగలబడి నవ్వారు. ఆడవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు.

నేనూ నవ్వాను.

ఎందుకు నవ్వానో ఇప్పటికీ నన్ను నేనే అడుగుతుంటాను. ఐదేళ్ల బరువు దిగిందని సర్ది చెప్పుకున్నాను. పక్కవాళ్లు నవ్వితే నవ్వు వస్తుందని చెప్పుకున్నాను. అవేవీ కావు. ఆ తెల్లని ధోతి, ఆ కాలువ, ఆ పెద్దమనిషి తుమ్మచెట్టు వెనక నగ్నంగా కూర్చోవడం నా కళ్లకు కట్టింది, నవ్వొచ్చింది. రోజూ పళ్లేలు కడిగే చేతులతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగిపోయేలా నవ్వాను. చెప్పు చెప్పు అని ఆయన్ను అక్కడికి తెచ్చి నిలబెట్టింది నేను. అప్పుడు ఆయన తల ఎత్తి ఆడవాళ్ల వైపు చూశాడు. నన్ను వెతికాడు. ఆయన కళ్లు నా మీద ఆగాయి, నా నోటి మీద కొంగు అలాగే ఉంది.

బీరయ్య కళ్లు తుడుచుకుని, "గంతేనానే? గిది జెప్పనీకె ఐదేండ్లా! ఆపతికి లేశినోడు లేశినట్టు గాదు. రా, కూసో. ఆనాటి నీ మాటేందో ఇప్పుడు జెప్పు" అన్నాడు.

పెద్దబాపు గొంగడి మీద కూర్చున్నాడు. "పోరి తల్లికి" అన్నాడు.

"నా మాట గూడ గదే" అన్నాడు బీరయ్య. రాజమల్లు నసిగాడు, వాడి రెండో పెండ్లాం పిల్లగాణ్ని ఎవరెత్తుకుంటారని గొణిగింది. ఆ మాటలు ఎవరూ పట్టించుకోలేదు. బుచ్చి చిన్న మూటతో వచ్చింది. మా వైపు తల్లిని అవ్వా అంటారు, నన్ను అలా పిలవలేదు. తిరుగు బస్సులో నా పక్కన కాకుండా పెద్దబాపు పక్కన కూర్చుంది. ఆయన కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకుంటే ఆమె కూడా కమ్మీ పట్టుకుంది. నన్ను అవ్వా అనడానికి ఆమెకు ఎనిమిది నెలలు పట్టింది.

ఆ నవ్వు మాకంటే ముందు ఊరు చేరింది. ఆయనకు చెంబు పెద్దమనిషి అని పేరు పడింది. లంచం తిన్నాడనుకున్నప్పుడు ఎదురుగా ఎవరూ ఏమీ అనలేదు, భయంతో పక్కకు తప్పుకునేవాళ్లు. ఇప్పుడు ఎదురుగానే "బయలెల్లినవా పెద్దబాపూ, చెంబు మరిశినవ్" అనేవాళ్లు. గొర్లు తినలేదని తేలాక కూడా గొంగడి మీదకి ఎవరూ పిలవలేదు. నవ్వితే మాట వినరని ఆయన బస్టాండులో చెప్పాడు. మా కులపోళ్ల సంగతి ఆయనకే బాగా తెలుసు.

ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు నెలనెలా మందుకు మానుకోట వచ్చేవాడు. రోగం పోలేదు. మంచి నెలలు, చెడ్డ నెలలు ఉండేవి. కారం మానేశాడు, పస్తులు మానేశాడు, ఇసబ్‌గోల్ రోజూ తాగేవాడు. వెనక బల్ల మీద, పాయిఖానా పక్కన ఆయన చోటు. దాని తాళంచెవి ఆయన వచ్చే రోజు నా నడుముకు కాకుండా గోడ మేకుకు తగిలించేదాన్ని, నన్ను అడగాల్సిన పని లేకుండా. ఆయన తీసుకునేవాడు, మళ్లీ తగిలించేవాడు. దాని గురించి ఒక్కమాట మాట్లాడుకోలేదు. బుచ్చి చదువు సంగతి అడిగేవాడు, వానల సంగతి చెప్పేవాడు. గొర్ల మాట నేను పుట్టించిందేనని ఊళ్లో చెప్తానని ప్రతినెలా అనుకునేదాన్ని. ఒకరిద్దరికి మెల్లగా చెప్పాను. అంతకంటే చేయలేదు.

ఎనభై ఏడు ఎండాకాలంలో ఒకసారి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. దవాఖానలో ఎవరూ లేరు. నేను మందు పొట్లం కడుతూ, ఆయన వైపు చూడకుండా అనేశాను.

"పెద్దబాపూ, ఆనాడు గుడికాడ అందరు నవ్విన్రు గదా. నేను గూడ నవ్విన."

ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, "ఎవలెవలు నవ్విన్రో నాకేం ఎరిక బిడ్డా. నేను తలకాయ ఎత్తితే గద" అన్నాడు.

ఎత్తాడు. నా వైపే చూశాడు. ఆ చూపు నాకు నా బిడ్డ ముఖం తెలిసినంత బాగా తెలుసు. సిగ్గు ఎంత మండిస్తుందో పద్దెనిమిదేళ్లు అనుభవించినవాడు, నాకు ఆ మంట వద్దని అబద్ధం చెప్పాడు. నాకు కాళ్ల మీద పడాలనిపించింది. పడలేదు. "అవునా పెద్దబాపూ" అని పొట్లం ఆయన చేతిలో పెట్టాను.